పన్నుల పంపకములో పల్లె వంతు

పన్ను వసూలు చేయుట ఒక ఎత్తు. దానిని న్యాయముగ పంచుట మరియొక ఎత్తు. కేంద్రపు రాబడిలో రాష్ట్రముల వాటాను సూచించుటకు రాజ్యాంగము 280వ అధికరణమున ఆర్థిక సంఘమును కల్పించినది. 1951లో నియోగి అధ్యక్షతన ఏర్పడిన ప్రథమ సంఘము ఆదాయపు పన్నులో నూటికి 55 పాళ్లు రాష్ట్రముల కీయవలెనన్నది. 2000 నాటి 80వ సవరణతో కేంద్రపు పన్నులన్నియు పంపకములోనికి వచ్చినవి. 2021-26 కాలమునకు పదునైదవ సంఘము 41 పాళ్లు నిర్ణయించినది. కాని సెస్సులు, సర్‌చార్జీలు ఈ రాశిలో చేరవు. రాశి తరిగినచో వాటా పెద్దదైనను గింజలు తక్కువే.

అసలు చిక్కు పల్లెలో నున్నది. 1992 నాటి 73వ సవరణ పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. కేంద్రపు పన్నులలో వానికి నేరుగా వాటా నీయలేదు. అయిదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమింపుమన్నది. పెక్కు రాష్ట్రములలో ఆ నియామకమే ఆలస్యమైనది. కేంద్ర సంఘము సూచించు గ్రాంట్లకు షరతులున్నవి.

వీథిదీపము వెలుగకున్న గ్రామస్థుడు నిలదీయునది సర్పంచినే. ఆయనకు స్వంతముగ దక్కునది ఇంటిపన్ను వంటి స్వల్పపు రాబడి. బాధ్యత క్రిందికి దిగినపుడు ధనము కూడ దిగవలెను. లేనిచో గ్రామ స్వపరిపాలనము పిల్లలు పరీక్షకు వల్లించు పాఠముగనే మిగులును.