పడుతున్న బండికి కాలు అడ్డు పెట్టకండి

విశాఖపట్నంలో కొత్త బండి కొన్నవారు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుని గుడి వద్ద పూజ చేయించడం ఆనవాయితీ. చక్రాల కింద నిమ్మకాయలు నలిపించి, హ్యాండిల్‌కు దండ వేస్తారు. పిమ్మట లెగ్ గార్డు, సీటు కవరు, ట్యాంకు కవరు కొంటారు. బండికి ఇన్ని రక్షణలు ఆలోచించే కుటుంబం, దానిని నడపబోయే పిల్లవాని మణికట్టును గురించి, చీలమండను గురించి ఆలోచించడం అరుదు. ఈ విషయమే నేడు పాఠకులకు మనవి చేయదలచాను.

కొత్తగా నేర్చుకునేవారి బండి తరచుగా పడేది వేగంలో కాదు. ఆగేటప్పుడు, వెనక్కు తిప్పుకునేటప్పుడు, స్టాండు వేసేటప్పుడు పడుతుంది. స్ప్లెండర్ వంటి తేలికపాటి బండి బరువు సుమారు 112 కిలోలు. క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువును చక్రాలు మోస్తాయి. కొంత హద్దు దాటి ఒరిగితే, అరవై కిలోల యువకుడు దానిని ఆపలేడు. అయినా ఆపబోతాడు. ప్రమాదం అక్కడే ఉంది.

కాలు అడ్డు పెడితే చీలమండ నలుగుతుంది, లేదా వేడి సైలెన్సర్ కింద పిక్క కాలుతుంది. బండితోపాటు తానూ పడుతూ అరచేయి నేలకు ఆనిస్తే, భారమంతా మణికట్టుపై పడుతుంది. బొటనవేలిని పైకి చాచినప్పుడు దాని మొదట్లో ఒక చిన్న గుంట కనిపిస్తుంది. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. అది విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బెణికిందనుకొని కట్టు కట్టించుకొని ఊరుకుంటారు. ఆ ఎముకకు రక్తప్రసరణ స్వల్పం కనుక, చికిత్స ఆలస్యమైతే అతుక్కోక జీవితాంతం నొప్పి మిగలవచ్చు. పడిన తరువాత ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉన్నట్లయితే ఎముకల వైద్యునికి చూపించండి. ఎక్స్‌రే బాగున్నా, పది పద్నాలుగు రోజులకు మరలా తీయించవలసి రావచ్చు.

ఇంత తెలిసీ కాలు ఎందుకు పెడతారు? నా అభిప్రాయంలో అది భయం. వాయిదాలు ఇంకా తీరలేదు, గీత పడితే నాన్నగారు ఏమంటారో అన్న భయం. ప్రభుత్వ సర్వీసులో ఉన్న కాలంలో, విరిగిన చేతితో వచ్చి బండికి ఏమైందని అడిగిన పిల్లలను చూశాను. వారికి ఆ ప్రశ్న నేర్పినది పెద్దలమైన మనమే. ట్యాంకుపై సొట్టను మెకానిక్ సరిచేస్తాడు. మణికట్టుకు విడిభాగాల దుకాణం లేదు.

బండి పడకుండా చూసుకునే మార్గాలు ఉన్నవి. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు హ్యాండిల్ తిప్పి ఉంచి ముందు బ్రేకు నొక్కితే బండి ఒరిగిపోతుంది; అప్పుడు వెనుక బ్రేకును మృదువుగా వాడాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయినా, నిలబడిన బండి ఒరిగిపోకుండా అది ఆపలేదు. రెండు పాదాలు నేలకు చక్కగా ఆనే ఎత్తు, మోయగల బరువు చూసి తొలి బండిని ఎంచుకోవాలి. పాత బండిపై ఖాళీ మైదానంలో ముందుగా నేర్చుకోవడం మరీ మంచిది.

మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని. పోర్టు లారీలు తిరిగే రోడ్లపై బొగ్గు, ఖనిజపు పొడి రాలుతుంది. చినుకు పడితే అది జారుడు బురద. బీచ్ రోడ్డు అంచున ఇసుక ఉంటుంది. అక్కడ కాలు ఆనిస్తే జారుతుంది, సైడ్ స్టాండు దిగబడుతుంది. సింహాచలం ఘాట్ రోడ్డు వంటి వాలులో బండి ముఖం ఎగువకు ఉంచి, మొదటి గేరులో నిలపాలి.

ఇన్ని చేసినా ఒరిగితే, వదిలివేయండి. హ్యాండిల్ విడిచి, కాలు తీసుకొని, పక్కకు తప్పుకోండి. లెగ్ గార్డు ఉన్నది ఆ క్షణం కోసమే. తరువాత ఇంజను ఆపి, తాళం తీసి, పెట్రోలు కారుతున్నదేమో చూడండి. ఒంటరిగా నడుము వంచి లేపకండి. వెన్నుపూసల మధ్య డిస్కు దెబ్బతినవచ్చు. మరొకరిని పిలవండి. ఎవరూ లేకపోతే బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, తొడల బలంతో వెనుకకు నెడుతూ లేపండి. సైలెన్సర్ కాల్చిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయవద్దు.

హెల్మెట్ వీధి చివరి వరకు వెళ్లినా అవసరమే. నిలబడిన ఎత్తు నుంచి తల కాంక్రీటుకు తగిలినా మెదడుకు గాయం కావచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొని, పట్టీ బిగించుకోండి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. తాళం చేతికిచ్చే రోజున, “బండి పడితే పడనీ, నువ్వు తప్పుకో, నేనేమీ అనను” అని స్పష్టంగా చెప్పండి. ఆ మాట తరువాత నిలబెట్టుకోండి.