ట్యూబులైటు మీద ఎవరి పేరు?



మన పల్లె మందిరములలో ఈ సంగతి మీరు చూచే ఉంటారు. ఎవరైనా ట్యూబులైటు కానుకగా ఇస్తే, దాని మీద ఎర్ర రంగుతో "ఫలానా వారి జ్ఞాపకార్థము" అని వ్రాయిస్తారు. కొన్ని చోట్ల అక్షరములు ట్యూబు మీదికే ఎక్కుతాయి. పేరు బాగా కనబడుతుంది, వెలుగు మాత్రము తగ్గుతుంది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందు బ్రిడ్జ్‌హాంప్టన్ అనే ఊరున్నది. అక్కడొక భవనమును 1908లో అగ్నిమాపక దళము కొరకు కట్టారు. 1924 నుండి 1970వ దశకము మధ్య వరకు అది బాప్టిస్టు మందిరము. తరువాత డయా అనే కళాసంస్థ 1983లో దానిని చిన్న మ్యూజియముగా తెరిచింది. మేడమీద డాన్ ఫ్లావిన్ అనే కళాకారుడు చేసిన తొమ్మిది కృతులు శాశ్వతముగా ఉన్నవి.

అక్కడ చిత్రపటము లేదు, విగ్రహము లేదు. అంగడిలో దొరికే ట్యూబులైట్లే! కొన్ని తెల్లనివి, కొన్ని రంగులవి. గోడలకు, మూలలకు బిగించి ఉంటాయి. "ఇదేమి కళ? మా ఊరి కరెంటు పనివాడు చేయలేడా?" అని మన పెద్దలు నవ్వుతారు. నవ్వవచ్చును. తన పనిలో ఏదో మర్మమున్నదని చెప్పుకొనుట ఫ్లావిన్‌కే ఇష్టము లేదు.

అయినను ఈ పనిలో ఒక మంచి గుణమున్నది. చూపు ట్యూబు దగ్గర ఆగదు. వెలుగు గోడ మీదికి, నేల మీదికి, ప్రక్కనున్న మనిషి ముఖము మీదికి పారుతుంది. రెండు రంగులు కలిసిన చోట మూడవ రంగు పుడుతుంది. ట్యూబు మాడిపోతే తీసి మరొకటి పెడతారు. గొప్ప ట్యూబుది కాదు.

ఫ్లావిన్ చిన్నతనములో రోమను కతోలిక గురువు కావలెనని సెమినరీలో చదివి, ఆ మార్గము విడిచాడు. 1963 నుండి ట్యూబులైట్లతోనే పని చేశాడు. 1996లో మరణించాడు. తన కృతులలో చాలా వాటికి "పేరు లేనిది" అనే పేరు పెట్టి, ప్రక్కన స్నేహితులకో ఇతరులకో అంకితమిచ్చాడు. ఆ పేర్లు కాగితము మీదనే గాని ట్యూబు మీద లేవు.

ఆ మ్యూజియములో ఒక చిన్న గదిలో పాత మందిరపు వస్తువులు, ఒక నియాన్ సిలువ భద్రపరచారు. ఒకప్పుడు పాటలు మ్రోగిన చోట ఇప్పుడు సందర్శకులు నిశ్శబ్దముగా నడుస్తారు. ఇది తలంచితే మనస్సు బరువెక్కుతుంది. అయితే ఆ సంఘము ఆరిపోలేదు. అదే ఊరిలో వేరొక మందిరములో కూడుకొంటున్నది. కట్టడము సంఘము కాదని మనకు తెలిసినదే.

మరి మన సంగతి? శిలాఫలకము మీద తాత పేరు వేయలేదని ఆరాధన మానిన కుటుంబములు లేవా? పేరు ముందా వెనుకా అని కమిటీలు చీలలేదా? కొండమీది ప్రసంగములో (మత్తయి 5:16) ప్రభువు మన వెలుగు మనుష్యుల యెదుట ప్రకాశింపవలెనన్నాడు. అయితే మహిమ పరలోకపు తండ్రికే చెందవలెనన్నాడు.

ఈ సంవత్సరము మీ మందిరమునకు ట్యూబులైటు ఇవ్వదలచితే తప్పక ఇవ్వండి. పేరు లెక్కల పుస్తకములో వ్రాయించండి. ట్యూబును వెలగనివ్వండి. దాని క్రింద ఒక ముసలి తల్లి బైబిలు చదువుకొంటే, మీ కానుక ఫలించినట్లే.