కామెర్లకి ఇంగ్లీషు మందు లేదంట!

మా నగరిలో పుట్టినోళ్ళకి రెండు విషయాలు ఎవరూ నేర్పకుండానే తెలుస్తాయి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, కళ్ళు పచ్చబడితే పసరు. కట్టు సంగతి ఇంకోసారి చూద్దాం. పసరు గురించి మాత్రం ఇన్నాళ్ళూ నోరు మూసుకుని తప్పు చేశాను.

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే మా మామని గుర్తు పట్టలేకపోయాను. చేతులు పుల్లల్లా అయిపోయాయి, కడుపు మాత్రం ఉబ్బిపోయి ఉంది. రెండేళ్ళ కిందట ఏదో చిన్న ఆపరేషన్‌కి ముందు రక్తం పరీక్ష చేస్తే హెపటైటిస్ బి ఉందని తేలిందంట. అప్పుడాయనకి కళ్ళు పచ్చబడలేదు, జ్వరం లేదు, కాగితం మీద 'పాజిటివ్' అని తప్ప ఇంకేం లేదు. "అది కామెర్ల జబ్బే కదా, దానికి ఇంగ్లీషు మందు లేదు" అని ఇంట్లో తీర్మానించి ప్రతి ఆదివారం పసరుకి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? మా బావ. చెన్నైలో టీమ్ లీడ్! సర్వర్ పడిపోతే రూట్ కాజ్ దొరికేదాకా ఎవర్నీ ఇంటికి పోనివ్వడు.

గట్టిగా అడిగితే బావ అన్నమాట: "నాకు కాలేజీలో కామెర్లొస్తే ఆ పసరుతోనే కదరా తగ్గింది?"

తిరకాసంతా ఇక్కడే ఉంది. కామెర్లు జబ్బు కాదండీ బాబూ, జబ్బు గుర్తు. రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కళ్ళు పచ్చబడతాయి, అంతే. పిత్తనాళంలో రాయి అడ్డం పడ్డా పచ్చబడతాయి. మన భాషలో చెప్పాలంటే అది ఉత్త ఎర్రర్ మెసేజ్. వెనక ఏం చచ్చిందో అది చెప్పదు.

కాలేయం మీద పడే వైరస్‌లు ముఖ్యంగా ఐదు. ఎ, ఇ రెండూ మురికి కలిసిన నీళ్ళూ తిండీ ద్వారా నోట్లోకి పోతాయి. 2005లో హైదరాబాద్ పాతబస్తీలో మంచినీళ్ళ పైపులు మురిక్కాలవల్లోంచి పోయిన చోట ఇ వైరస్ 1,600 మందికి పైగా పట్టుకుంది. మా బావకి వచ్చింది కూడా ఈ రెంటిలో ఒకటై ఉంటుంది, హాస్టల్ నీళ్ళ పుణ్యమా అని. ఇవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పసరు తాగినా పోతాయి, తాగకపోయినా పోతాయి. పేరు మాత్రం పసరుకి! అన్నిసార్లూ ఇంత తేలిగ్గా పోదు కూడా. నెలలు నిండుతున్న గర్భిణికి ఇ వస్తే నూటికి 20 మంది దాకా ప్రాణం మీదకి వస్తుంది. ఆమెని పసరుకి తీసుకెళ్ళడమంటే ఆసుపత్రికి చేరాల్సిన టైం పోగొట్టడమే.

చేతులకి సున్నపునీళ్ళు పోసి పసుపురంగు దించి "చూశారా, కామెర్లు దిగిపోతున్నాయి" అనే తంతు కూడా ఉంది. మామిడి బెరడు రసం చేతికి పూసి ఉంటే సున్నం తగలగానే పసుపు రంగే వస్తుంది. కామెర్లు లేనోడి చేతికి కూడా పోసి చూడండి.

ఇక బి, సి లు వేరే జాతి. (డి అనేది బి ఉన్నోళ్ళకే వస్తుంది.) ఇవి రక్తం ద్వారా పోతాయి. వాడిన సూది మళ్ళీ వాడితే, మంగలి షాపులో బ్లేడు మార్చకపోతే వస్తాయి. బి అయితే కాపురం వల్లా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకీ కూడా తేలిగ్గా పోతుంది. 2009లో గుజరాత్‌లోని మొదాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడి బి ని అంటిస్తే పదుల మంది చచ్చిపోయారు. పెద్దయ్యాక బి వస్తే నూటికి 95 మంది దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడే వస్తే నూటికి 90 మందిలో ఉండిపోతుంది, ఏళ్ళ తరబడి ఏ గుర్తూ లేకుండా. కళ్ళు పచ్చబడే సరికి కాలేయం గట్టిపడిపోయి ఉంటుంది.

"మన మందుల్ని సైన్సోళ్ళు పట్టించుకోరు" అంటాడు బావ. ఎందుకు పట్టించుకోలేదు? బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్న బ్లూమ్‌బర్గే మద్రాసు డాక్టర్లతో కలిసి మన నేల ఉసిరిని పరీక్షించాడు. 1988లో లాన్సెట్‌లో అచ్చయింది, మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని. అందరూ ఎగిరి గంతేశారు. తర్వాత వేరే చోట్ల మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అవకాశం ఇచ్చారు, నిలబడలేదు.

సరే, ఇంగ్లీషు మందు లేదా? బి కి టెనోఫోవిర్ ఉంది. వైరస్‌ని పూర్తిగా తీసెయ్యదు గానీ అణిచి పెడుతుంది. సి అయితే మూడు నెలల మాత్రలతో చాలామందికి నయమైపోతుంది. 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెంటికీ పరీక్షా, మందూ ఉచితం. బి కి టీకా అయితే 1997లోనే మన హైదరాబాద్ శాంతా బయోటెక్ వరప్రసాద్ రెడ్డి గారు చవగ్గా తెచ్చారు. కానీ సర్కారు టీకాల్లో అది దేశమంతటా చేరింది 2011-12లో. అంటే ఇది చదువుతున్న మీలో చాలామందికి చిన్నప్పుడు పడి ఉండదు.

ఇప్పుడు మామని వేలూరులో చూపిస్తున్నాం. సిర్రోసిస్. రెండేళ్ళ ముందే మాత్రలు మొదలుపెట్టుంటే కథ ఇంత దూరం వచ్చేది కాదేమో. బహుశా పుట్టుకతో వచ్చి ఉండొచ్చన్నారు డాక్టరు. అంటే మా అమ్మమ్మ నుంచి. మరి మా అమ్మకి? అమ్మకుంటే నాకు? ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. అమ్మకి ఉంది, కాలేయం ఇప్పటికి బాగానే ఉంది. నాకు లేదు, టీకా మొదటి డోసు వేయించుకున్నాను.

ఇంట్లో మా అత్త ఏం చేసిందో తెలుసా? మామకి కంచం, గ్లాసు వేరు చేసింది. కలిసి తింటే బి రాదు అత్తా అని నెత్తీ నోరూ బాదుకున్నాను. స్నానాల గదిలోకి పోయి చూస్తే మామ రేజరూ బావ రేజరూ ఒకటే.

ఆ రేజర్ తీసి పారేశాను. బావ ఇంకా టెస్టు చేయించుకోలేదు. ఈ నెల రిలీజ్ ఉందంట.