నెలకు ఐదు రాత్రులు

భూపాలపల్లిలో తెలిసినవాళ్లింటికి వెళ్తే, గోడ క్యాలెండరులో వరుసగా ఐదు తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు కనిపించాయి. "అవి గోలీల దినాలు సారూ" అన్నది ఆ ఇల్లాలు. భర్తకు మెదడులో క్యాన్సర్ గడ్డ, గ్లయోబ్లాస్టోమా. ఆపరేషన్ అయింది, ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు నెలకు ఐదు రాత్రులు టెమోజోలమైడ్. ముందు వాంతుల గోలీ, కాసేపాగి ఖాళీ కడుపుతో గ్లాసెడు నీళ్లతో క్యాప్సూల్. "ఇప్పి పొడి చెయ్యొద్దన్నరు" అని రెండుసార్లు చెప్పింది.

ఈ జబ్బులో లెక్క దాచకూడదు. 573 మందితో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 12.1 నెలలు దాటారు, ఈ మందు కలిపితే 14.6 నెలలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ రెండేళ్లు దాటినవాళ్లు నూటికి పది మంది నుంచి ఇరవై ఆరుకు పెరిగారు. ఆ ఇరవై ఆరులో మనవాడు ఉంటాడేమోనన్న ఆశ మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. ఆ ఆశను నేను తప్పుపట్టలేను.

నా బాధల్లా ఆ నెలలు బస్సుల్లో కరిగిపోవడం గురించే. మందును నాట్కో వంటి మన హైదరాబాదు కంపెనీలే తయారుచేస్తాయి. మింగేది ఇంట్లోనే. అయినా రక్తపరీక్షకు, గోలీలకు నెలనెలా రాజధానికి రావాలి. జనగామ, మానుకోట (మహబూబాబాద్)లకు రైలైనా ఉంది. భూపాలపల్లి నుంచి బస్సే దిక్కు, రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కరెంటు పెట్టించుకుని నీరసించిన మనిషిని, దారిలో ఫిట్స్ వస్తాయేమోనన్న భయంతో, తెల్లవారుజామున బస్సెక్కించాలి.

ఈ మూడు జిల్లాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూసే సీబీపీ పరీక్ష అక్కడే అవుతుంది. ఆ రిపోర్టు ఫోనులో హైదరాబాదు డాక్టరు చూసి మోతాదు చెప్తే, జిల్లా ఆసుపత్రి ఫార్మసీలోనే గోలీలివ్వాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రం పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. ఈ క్యాప్సూల్‌కైతే మంచం కూడా అక్కర్లేదు.

ఈ జబ్బు ఉన్న ఇళ్లకు ఒక మాట. మెదడు వాపు తగ్గించే డెక్సామెథాసోన్‌ను తలనొప్పి తగ్గిందని సొంతంగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. ఫిట్స్ గోలీ ఒక్కపూట కూడా తప్పొద్దు. క్యాప్సూళ్లు వాడుతుండగా జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.