తుక్కు కారు లెక్క

యూట్యూబ్‌లో ఈ రకం వీడియోలకు కొదవే లేదు. మొదటి నిమిషంలో ముందుభాగం అప్పడంలా నలిగిపోయిన కారు. పదిహేనో నిమిషానికి అదే కారు షోరూమ్‌లోంచి వచ్చినట్టు తళతళ. చివర్లో పెట్టుబడి ఇంత, అమ్మింది ఇంత, మిగిలింది ఇంత అని స్క్రీన్ మీద అంకెలు. చూసిన ప్రతివాడికీ ఒకటే ఆలోచన: మనమూ చేయొచ్చు కదా!

మా పెద్దమ్మగారి అబ్బాయికీ అదే ఆలోచన వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఇళ్లతో పాటు కార్లూ నీళ్లలో నానాయి. "ఆటోనగర్‌లో మనకి తెలిసిన మేస్త్రి ఉన్నాడ్రా. వరద కార్లో, యాక్సిడెంట్ కార్లో తక్కువకి పట్టుకుందాం. డబ్బు నువ్వు పెట్టు, పని నేను చూసుకుంటా. చెరి సగం" అన్నాడు. నాకు రెంచీ పట్టడం రాదు కానీ ఎక్సెల్ షీట్ వచ్చు. కూర్చుని లెక్క వేశాను.

అసలు ఈ కార్లు అంత తక్కువకు ఎందుకొస్తాయి? ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. కంపెనీ దృష్టిలో మీ కారు విలువ అది. ఏడాదికేడాది తరుగుతూ ఉంటుంది. రిపేరు ఖర్చు ఆ ఐడీవీలో 75 శాతం దాటితే కారును 'టోటల్ లాస్' కింద లెక్కేస్తారు. ఓనరుకు డబ్బు ముట్టజెప్పి, మిగిలిన తుక్కును వేలంలో అమ్మేస్తారు. ఆ 75 శాతం ఎస్టిమేట్ షోరూమ్ రేట్లతో, కొత్త పార్టులతో వేసింది. అదే పని ఆటోనగర్ రేట్లతో, సెకండ్ హ్యాండ్ పార్టులతో చేస్తే చాలా తక్కువలో అవుతుంది. లాభం పుట్టేది ఈ తేడాలోనే అనుకుంటాం.

ఇప్పుడు నా షీటు చూడండి. అంకెలు నేను వేసుకున్న అంచనాలే, ఊరిని బట్టి, కారును బట్టి మారతాయి. మూడేళ్ల హ్యాచ్‌బ్యాక్, ముందు నుంచి గుద్దుకున్నది, రెండు ఎయిర్‌బ్యాగులూ పేలినవి అనుకుందాం. తుక్కు ధర 1,80,000. లాక్కురావడానికి, కాగితాల బదిలీకి 20,000. టింకరింగ్, పెయింటింగ్ 90,000. పాత పార్టులు 1,10,000. ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టులు, వాటి మాడ్యూల్ 70,000. ఇన్సూరెన్స్, చిల్లర ఖర్చులు 15,000. ఆరు నెలలు డబ్బు ఇరుక్కున్నందుకు వడ్డీ 25,000. మొత్తం 5,10,000.

దెబ్బ తగలని అలాంటి కారు మార్కెట్లో 5,80,000 పలుకుతుందనుకుంటే 70,000 మిగులు. బాగానే ఉంది. కానీ అది కొనేవాడికి సంగతి తెలియకపోతేనే. "ఇది టోటల్ లాస్ అయిన కారండీ, మేం బాగుచేయించాం" అని చెబితే ఎవరైనా పావు వంతైనా తగ్గించి అడుగుతారు. అంటే 4,35,000. అప్పుడు 75,000 నష్టం. ఇంకో గడి కూడా మార్చి చూశాను. ఎయిర్‌బ్యాగుల 70,000 మానేసి, నోరు మూసుకుని అమ్మితే మిగులు 1,40,000. సరిగ్గా రెట్టింపు.

షీటు అన్నయ్యకు పంపాను. ఐదు నిమిషాల్లో ఫోను. "నిజం చెప్పి అమ్మితే ఏం మిగలదు కదరా!" అన్నాడు. నేను చెప్పేదీ అదే. ఈ వ్యాపారంలో లాభం చాలావరకు మేస్త్రి చేతి పనిలో లేదు, అమ్మేవాడి నోటి మౌనంలో ఉంది.

ఆ మౌనం ఖరీదు ఎవరు కడతారో చూద్దాం. కారు ముందుభాగం గట్టిగా ఉండటానికి కాదు, నలగడానికి తయారైంది. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేన్యీ ఈ ఆలోచనకు 1950ల మొదట్లోనే పేటెంటు తీసుకున్నాడు, 1959లో ఆ కంపెనీ కార్లలోకి వచ్చింది. ముందుభాగం నలుగుతూ దెబ్బను మింగితే లోపలి మనిషి బతుకుతాడు. ఒకసారి నలిగిన రేకును గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో సాపు చేస్తే చూపుకు సరిపోతుంది. గట్టి రకం స్టీలైతే అలా కాల్చినప్పుడు బలం కోల్పోతుంది. రెండోసారి గుద్దితే ఎలా మడుస్తుందో చెప్పలేం.

ఎయిర్‌బ్యాగుల సంగతి ఇంకా ఘోరం. ఒకసారి పేలిన బ్యాగు మళ్లీ పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. కొందరు దాని బదులు చిన్న రెసిస్టర్ తగిలిస్తారు. బ్యాగు ఉందనుకుని కంప్యూటర్ మోసపోతుంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఆరిపోతుంది. మా ఫీల్డులో టెస్టింగ్ కోసం ఉత్తుత్తి సర్వర్ పెడతాం. దాన్ని అలాగే కస్టమర్‌కు ఇచ్చేస్తే ఎలా ఉంటుంది? ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ క్రాష్ అయ్యేది సాఫ్ట్‌వేర్ కాదు.

వరద కారు ఇంకో రకం. గుద్దిన దెబ్బ కనిపిస్తుంది, నీటి దెబ్బ కనిపించదు. వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము నెలల తరబడి మెల్లగా పాకుతుంది. ఇవాళ హారన్, రేపు పవర్ విండో, ఎల్లుండి హైవే మీద ఇంజనే ఆగుతుంది. ఒకసారి వచ్చి ఒకసారి రాని బగ్ ఎంత నరకమో మా వాళ్లనడగండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ కార్లు బాగా తెలుసు. చదువుకోవడానికి వెళ్లిన కొత్తలో చౌకగా వస్తుందని కొనేవాళ్లున్నారు. అక్కడ టోటల్ లాస్ అయిన కారు టైటిల్ మీదే 'సాల్వేజ్' అని పడుతుంది. బాగుచేసి తనిఖీ దాటితే 'రీబిల్ట్' అవుతుంది. అందుకే మామూలు కారు కన్నా 20 నుంచి 40 శాతం తక్కువ పలుకుతుంది. మచ్చ కాగితం మీద ఉంది కాబట్టి, కొనేవాడు తెలిసే కొంటాడు. మన ఆర్సీలో అలాంటి గడి లేదు. అది ఒక్కటి పెడితే ఈ వ్యాపారం సగం శుభ్రమవుతుందని నా అభిప్రాయం.

అయితే ఎప్పుడూ గిట్టదా అంటే, గిట్టే చోట్లున్నాయి. తలుపులు, బంపర్లు మాత్రమే దెబ్బతిని, ఛాసిస్, పిల్లర్లు, ఎయిర్‌బ్యాగులు క్షేమంగా ఉన్న కారైతే గిట్టొచ్చు. సొంత షెడ్డుండి కూలీ తనదే అయినవాడికి గిట్టొచ్చు. అమ్మకుండా తానే నడుపుకునేవాడికి గిట్టొచ్చు. మంచి పార్టులు విడదీసి అమ్మేవాడికీ గిట్టొచ్చు. నాలాగా ఆఫీసులో కూర్చుని డబ్బు మాత్రం పెట్టేవాడికి గిట్టదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు నాలుగు మాటలు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించండి. వెలిగి ఆరినా రెసిస్టర్ మోసం ఉండొచ్చు కాబట్టి స్కానర్ ఉన్న మెకానిక్‌కు చూపించండి. సీటుబెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. డోరు రబ్బరు బీడింగ్ కాస్త లాగితే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా కనిపించాలి. పాత పాలసీలో నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే ఎందుకో అడగండి.

టోటల్ లాస్ అయిన కారు ఓనర్లకు ఒక మాట. ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయకండి. ఆర్సీ మీ పేరు మీదే ఉంటే, రేపు ఆ బండి ఎవరినైనా గుద్దినా పరిహారం బాధ్యత మీ మీదకే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

బాగుచేసి అమ్మాలనే ఉంటే, నలిగినప్పటి ఫొటోలు, రిపేరు బిల్లులు ఒక ఫైలులో పెట్టి కొనేవాడి చేతికివ్వండి. అప్పుడు వచ్చే ధరతో లెక్క వేసుకుని, మిగిలితేనే తుక్కు కొనండి.