మొరగాలి... కరవాలి... వదలాలి!
మొరిగే కుక్క కరవదంటారు. జర్మనీలో పుట్టిన ‘షుట్జ్‌హుండ్’ ఆటలో మాత్రం కుక్కకి మొరగడం, కరవడం, చెప్పగానే వదలడం... మూడూ రావాలి. జర్మన్ షెపర్డ్‌ల సత్తా తేల్చేందుకు 1900ల తొలినాళ్లలో మొదలైన ఈ ఆటని ఇప్పుడు ‘ఐజీపీ’ అంటున్నారు. వాసన పట్టడం, మాట వినడం, రక్షణ... ఒక్కోదానికీ 100 మార్కులు.

రక్షణ పరీక్షలో దొంగ వేషం వేసే ‘హెల్పర్’ చేతికి జనపనార కవరున్న గట్టి తొడుగు ఉంటుంది. కుక్క పట్టుకోవాల్సింది దాన్నే. పిల్లగా ఉన్నప్పుడే గుడ్డముక్కతో శిక్షణ మొదలుపెడతారు. తర్వాత మెత్తటి తొడుగు, ఆపైన గట్టిది. ముందుపళ్లతో కొరికితే చాలదు, నోటినిండా పట్టాలి. అలా పడితే హెల్పర్ తొడుగుని జారవిడుస్తాడు. అదే దానికి బహుమతి! దూసుకొచ్చే కుక్క మెడకి దెబ్బ తగలకుండా ఒడుపుగా పక్కకి తిరగడం అతని నేర్పు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. హెల్పర్ కదలకుండా నిలబడ్డాక యజమాని ‘ఔస్’ అంటే వదిలేయాలి. మూడుసార్లు చెప్పినా వినకపోతే పోటీ నుంచి ఔటే! ఊరికే నిలబడిన మనిషిని కరవకూడదు, మొరిగి చెప్పాలంతే. కరవడం ఒక్కటే నేర్పిన కుక్కతో దొంగలకన్నా ఇంట్లోవాళ్లకే ముప్పు మరి!