మత్తడికి దారివ్వండి

2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తితే, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ ప్రాంతం ఆ గోస మరవకూడదు. వాన ఉరవడిని ఆపి నెమ్మదిగా కిందికి వదిలేది చిన్న చెరువే.

ఆ చెరువు మట్టికట్ట చెప్పకుండా తెగదు. ఎండ్రకాయ బొరియ నుంచో, తుమ్మవేరు పక్క నుంచో సన్నగా ఊట మొదలవుతుంది. ఆ నీరు బురదరంగుకు తిరిగిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. నీరు కట్ట మీదుగా పొర్లిందా, గండి ఖాయం. అందుకే మిగులు నీరు పోయే మత్తడి. చేపల కోసం దానికి అడ్డం కట్టడం ఊరి మీదికి వరదను తోలడమే.

సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టల నుంచి కొట్టుకొచ్చే మన్ను చెరువుల పూడికను ఇంకా పెంచుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయించింది, మంచిదే. కానీ అది ఒక్కసారితో తీరే పని కాదు. చెరువు నీళ్లు చూసే నీరటి ఏటా చేసిన కాపలా ఇప్పుడెవరిది? నీటిపారుదల శాఖ, పంచాయతీలు, సింగరేణి కలిసి తొలకరికి ముందే ప్రతి కట్టా నడిచి చూడాలి.